24 రోజుల ఆర్‌వీ ప్రయాణం: ఆగే రోజులు ఎన్ని పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి?

ఊరూరా_చక్రాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే జూలైలో డల్లస్ నుంచి యెల్లోస్టోన్ వెళ్లి రావడానికి 30 అడుగుల క్లాస్ సి మోటర్‌హోమ్ (ట్రక్కు చాసిస్ మీద కట్టిన, లోపలే వంట, పడక, బాత్రూం ఉండే ఆర్‌వీ) అద్దెకి తీసుకుంటున్నాం. మొత్తం 24 రోజులు, ఆరుగురం: మేమిద్దరం, పిల్లలిద్దరు (9, 6 ఏళ్లు), గుంటూరు నుంచి వస్తున్న అమ్మానాన్న (68, 72, నాన్నకి బీపీ ఉంది). నడిపేది నేనొక్కణ్నే. వెనక కారు తగిలించుకోవడం లేదు.

అనుకున్న దారి: డల్లస్ – అమరిల్లో – శాంటా ఫే – మోయాబ్ – సాల్ట్ లేక్ – జాక్సన్ – యెల్లోస్టోన్ (4 రాత్రుళ్లు, పార్కు లోపలి ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ క్యాంపులో) – కోడీ – ర్యాపిడ్ సిటీ – డల్లస్. తీసుకున్న రోజే అమరిల్లో చేరిపోవాలని, కోడీ నుంచి డల్లస్‌కి చివరి 4 రోజులు సరిపోతాయని లెక్క.

బండి వివరాలు: మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, గ్రే (సింక్, స్నానం నీళ్లు పోయేది) 30, బ్లాక్ (కమోడ్‌ది) 30. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి. 4,000 వాట్ల జెనరేటర్, 30 ఆంప్ కనెక్షన్.

అడగదల్చుకున్నవి: ఎన్ని రోజులకోసారి ఆగాలి? యెల్లోస్టోన్‌లో 4 రాత్రుళ్లు ఒకేచోట ఉంటున్నాం కాబట్టి అది విశ్రాంతి కింద లెక్క వేసుకోవచ్చా? ఖర్చు తగ్గుతుందని ఆగే రోజులు కొన్ని బీఎల్‌ఎం (ప్రభుత్వ భూములు చూసే సంస్థ) వాళ్ల ఉచిత స్థలాల్లో, కరెంటు, నీళ్ల కనెక్షన్ లేకుండా గడుపుదామనుకుంటున్నాం, అది పనికొచ్చే ఆలోచనేనా?

మజిలీ_లెక్కలు

ముందు రాత్రుళ్ల లెక్క సరిచూసుకోండి. ఆర్‌వీ పార్కుల్లో సాధారణంగా చెకవుట్ 11 గంటలకి, చెకిన్ మధ్యాహ్నం 1కో 2కో. ఒక్క రాత్రి ఆగితే చేతికి మిగిలేది సాయంత్రం నాలుగు గంటలు, పొద్దున రెండు గంటలు. వంట, స్నానాలు, గొట్టాలు తగిలించడం, విప్పడం అన్నీ అందులోనే అవ్వాలి. అది మజిలీ మాత్రమే. ఆగే రోజు అంటే ఒకేచోట రెండు రాత్రుళ్లు, మధ్యలో ఇంజన్ తాళం తిప్పని ఒక నిండు పగలు. బుకింగ్ చేసేటప్పుడు "3 రోజులు మోయాబ్" అని రాసుకోకుండా రాత్రుళ్లు లెక్కపెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

ఆర్‌వీ వాళ్లలో 3-3-3 అని ఒక పద్ధతి ఉంది: రోజుకి 300 మైళ్లు దాటకూడదు, మధ్యాహ్నం 3 కల్లా చేరాలి, చేరిన చోట 3 రాత్రుళ్లు ఉండాలి. రిటైరైన వాళ్లకి అది చక్కగా కుదురుతుంది. 24 రోజుల్లో 3,500 మైళ్లు తిరగాల్సిన మీకు కుదరదు. మీకు తగ్గది ఇది: రోజుకి 250 నుంచి 280 మైళ్లు, 3 గంటలకల్లా చేరడం, నడిపిన ప్రతి రెండు రోజులకి ఒక ఆగే రోజు. 280 మైళ్లకి ఫోన్ మ్యాప్ నాలుగు గంటల పైచిలుకు చూపిస్తుంది, నమ్మకండి. క్లాస్ సి బండి 60 మైళ్ల వేగం దగ్గరే హాయిగా ఉంటుంది. ఆరుగురు మనుషులు, ఒక భోజనం, రెండు మూడు ఆగుళ్లు కలుపుకుంటే సగటు గంటకి 45 మైళ్లు. అంటే ఆరు గంటల పైమాట.

తీసుకున్న రోజే అమరిల్లో వద్దు. అది 365 మైళ్లు. బండి అప్పగించి, అన్నీ చూపించి, సంతకాలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మొదటి రాత్రి విచిటా ఫాల్స్ చాలు, 140 మైళ్లు. మర్నాడు అమరిల్లో, అక్కడ రెండు రాత్రుళ్లు. మూడో రోజుకే ఆగడమేంటి అనిపిస్తుంది గానీ, అద్దె బండిలో తేడాలన్నీ బయటపడేది మొదటి రెండు రాత్రుళ్లలోనే: నీళ్ల పంపు ఆగకుండా కొట్టుకోవడం, ఫ్రిజ్ గ్యాస్ మీద వెలగకపోవడం, ఏదో ఒక అర తలుపు మలుపులో తెరుచుకోవడం. అమరిల్లోలో ఉండగా తెలిస్తే విడి భాగం దొరుకుతుంది, అద్దెకిచ్చిన వాళ్లకి ఫోన్ చేసినా ఎవరో ఒకర్ని పంపగలరు. మోయాబ్ దాకా వెళ్లాక తెలిస్తే రెండు రోజులు పోతాయి.

యెల్లోస్టోన్ సంగతి. చూసే రోజు వేరు, ఆగే రోజు వేరు. ఫిషింగ్ బ్రిడ్జ్ నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ (పైకి చిమ్మే వేడినీళ్ల ఊట) దగ్గరికి వెళ్లడానికి 38 మైళ్లు, రావడానికి మళ్లీ 38. పార్కులో వేగ పరిమితి 45, అడవిదున్నలు రోడ్డెక్కితే అదీ ఉండదు. కారు లేదు కాబట్టి ప్రతిసారీ ఇల్లంతా సర్ది, గొట్టాలు విప్పి, 30 అడుగుల బండినే తీసుకెళ్లాలి. అలాంటి రోజు నడిపేవాడికి ప్రయాణం రోజు కంటే బరువు. నాలుగు రాత్రుళ్లంటే మధ్యలో మూడు పగళ్లు: మొదటిది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వైపు, రెండోది కదలకుండా, మూడోది హేడెన్ వ్యాలీ, కేన్యన్ వైపు (కేన్యన్ 16 మైళ్లే). పార్కు ఉత్తర కొసన ఉన్న మామత్ కూడా చూడాలంటే ఇంకో రాత్రి కావాలి, ఈ మూడింట్లో ఇరికించకండి.

ఇంకొకటి, మీ శ్రీమతి గారి పేరు కూడా డ్రైవర్‌గా అద్దె కాగితాల్లో రాయించండి. పేరు లేకుండా నడిపితే బీమా వర్తించదు. హైవే మీద ఎదురు లేని చోట రెండు గంటలు ఆవిడ నడిపినా మీ భుజాలకి అది ఎంతో.

నీళ్లు_నిప్పు_కరెంటు

మూడో ప్రశ్నకి నేను చెప్తాను. మీ బండితో, ఆరుగురితో, బీఎల్‌ఎం స్థలంలో ఆగే రోజు వద్దు. నిబంధన అడ్డు కాదు, చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజుల దాకా ఉండనిస్తారు. మీ ట్యాంకులే అడ్డు.

మోటర్‌హోమ్‌లో బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ ఇంటి బ్యాటరీని నింపుతుంది, దారిలో ట్రక్ స్టాపులు, బాత్రూములు దొరుకుతాయి కాబట్టి ట్యాంకులకీ తెరిపి. ఆగిన రోజున రెండూ ఉండవు. వాడకం మాత్రం రెట్టింపు: రెండు పూటల వంట, గిన్నెలు, అందరి స్నానాలు, రోజంతా బాత్రూం. మనకి విశ్రాంతి అంటే బండికి అత్యంత బరువైన రోజన్నమాట.

మీ అంకెలే వేసి చూద్దాం. ఎంత పొదుపుగా వాడినా స్నానంతో కలిపి మనిషికి 6 గ్యాలన్లు. ఆరుగురికి 36. 30 గ్యాలన్ల గ్రే ట్యాంకు ఒక్క పగలు పట్టదు, నిండాక నీళ్లు షవర్ కింద పళ్లెంలోకి ఎగదన్నుతాయి. బ్లాక్ ట్యాంకు రెండు రోజులు వస్తుంది. మన వాళ్లు మగ్గుతో నీళ్లు వాడతారు కాబట్టి ఇంకాస్త త్వరగానే నిండుతుంది. నాన్నగారిని దానికి మొహమాటపెట్టకండి, బ్లాక్ ట్యాంకుకి నీళ్లు ఎక్కువ పడటమే మంచిది.

బ్యాటరీ: అలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 90 ఆంప్ అవర్లు ఉంటుంది, అందులో సగమే వాడాలి, అంటే 45. ఎత్తు ప్రదేశాల్లో రాత్రి చలికి ఫర్నెస్ (బండి లోపలి హీటర్) వేస్తారు. వేడి ప్రొపేన్ గ్యాస్‌తోనే వచ్చినా దాని ఫ్యాను 7, 8 ఆంపులు లాగుతుంది. 8 గంటల్లో సగం సేపు తిరిగినా 30 దాకా అవుతుంది. లైట్లు, పంపు, ఫ్రిజ్ బోర్డు, గ్యాస్ డిటెక్టర్ కలుపుకుంటే ఒక రాత్రికి సరి. రెండో రాత్రి తెల్లవారుజామున ఫర్నెస్ ఆగిపోతుంది. పొద్దున ఏ లోడూ లేకుండా మీటర్ పెట్టి చూస్తే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.1కి వస్తే సగం అయినట్టు. అంతకంటే దిగనివ్వకండి.

జెనరేటర్ ఉందిగా అనకండి. అది బండి పెట్రోల్ ట్యాంకు నుంచే తాగుతుంది, ఏసీ నడిస్తే గంటకి అర గ్యాలన్ దాకా. ట్యాంకు పావుకి దిగితే దానంతటదే ఆగిపోతుంది, మీరు బంకు దాకా వెళ్లగలగాలని అలా పెట్టారు. అద్దె ఒప్పందంలో గంటల లెక్కన ఛార్జీ ఉందేమో కూడా చూడండి. మోయాబ్‌లో జూలై ఎండ 100 ఫారెన్‌హీట్ దాటుతుంది. పెద్దవాళ్లతో అక్కడ కరెంటు లేకుండా పగలంతా ఉండకూడదు.

కాబట్టి ఉచిత స్థలం ఒక్క రాత్రి మజిలీకి వాడుకోండి, అదీ ఖాళీ మురుగు ట్యాంకులతో, నిండు మంచినీళ్లతో వెళ్లి. ఆగే రోజు మాత్రం ఫుల్ హుకప్, అంటే కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఉన్న సైటు. యెల్లోస్టోన్ పార్కు లోపల అవి మూడూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. అది దొరికాకే మిగతా తేదీలు దాని చుట్టూ అమర్చుకోండి.

చింతపండు_సంచి

అన్నా, వంట సంగతి ఎవ్వరూ చెప్తలేరు. ఆగే రోజంటే ఇంట్ల పెద్దవాళ్లు పప్పు, కూర, చారు అన్నీ చెయ్యాలనుకుంటరు. 30 ఆంప్ మీద అన్నీ ఒక్కసారి నడవయి.

లెక్క గిట్ల ఉంటది: పైకప్పు ఏసీ 13 నుంచి 15 ఆంపులు, ఇన్‌స్టంట్ పాట్ 8 నుంచి 9, మైక్రోవేవ్ 12 పైన, ఫ్రిజ్ కరెంటు మీదుంటే 3, బ్యాటరీ నింపే కన్వర్టర్ 5 దాకా. 30 ఆంప్ బ్రేకర్ మీద గంటల తరబడి 24 దాటకుండ చూస్కోవాలె. ఏసీ, ఇన్‌స్టంట్ పాట్ రెండే 23 అయితయి. ఫ్రిజ్‌ను గ్యాస్ మీదికి మార్చి, మైక్రోవేవ్ ముట్టకుండ వండుకోవాలె. లేదంటే పప్పు ఉడికే పది నిమిషాలు ఏసీ బంద్ చెయ్యండి. బ్రేకర్ పడితే పడె, అసలు భయం పాత పార్కులల్ల వదులైన సాకెట్‌తోని. అర్ధగంట నడిచినంక ప్లగ్గు పైన చెయ్యి పెట్టి చూడండి. కొంచెం వెచ్చగుంటే పర్వాలేదు, చెయ్యి ఆనకుంటే సైటు మార్చమని అడగండి. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారి పెరిగితే ఆపేది) లేకుండ ఎక్కడా పెట్టొద్దు.

ఫిషింగ్ బ్రిడ్జ్ 7,800 అడుగుల ఎత్తుల ఉంటది. అక్కడ నీళ్లు 92 సెల్సియస్ దగ్గరనే మరుగుతయి. మామూలు గిన్నెల కందిపప్పు ఉడకనీకి చాలాసేపు పడ్తది. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. 2,000 అడుగులు దాటినంక ప్రతి వెయ్యి అడుగులకు 5 శాతం టైము ఎక్కువ పెట్టాలె. ఇంట్ల 10 నిమిషాలల్ల అయ్యే పప్పుకు అక్కడ 13 పెట్టండి.

పోపు నూనె, చారు అడుగు సింక్‌ల పొయ్యొద్దు. నూనె గ్రే ట్యాంకు గోడలకు పట్టి పాచిలెక్క అయితది, సెన్సరు ఖాళీ ట్యాంకును నిండుగ చూపిస్తది, ఎండకు వాసన లేస్తది. గిన్నెలు పేపర్ టవల్‌తోని తుడిచినంకనే కడగాలె. బియ్యం కడిగిన నీళ్లు కూడ పార్కు వాళ్ల గిన్నెలు కడిగే సింక్ ఉంటే అండ్లనే పొయ్యండి, పిండిపదార్థం రెండు రోజులల్ల పులుస్తది.

ఫిషింగ్ బ్రిడ్జ్‌ల ఎలుగుబంట్లు తిరుగుతయి, అందుకే గుడ్డ టెంట్లను రానియ్యరు. కుక్కరు, నూనె సీసా, చెత్త సంచి, ఆఖరికి ఖాళీ పెరుగు డబ్బ కూడ బయట బల్ల మీద ఉంచొద్దు.

సాల్ట్ లేక్‌ల తప్పకుండ ఆగండి. యెల్లోస్టోన్ పోయే ముందు మీ దారిల కరివేపాకు, దోశపిండి, మంచి పెరుగు దొరికే ఆఖరి పెద్ద ఊరు అదే. సౌత్ జోర్డాన్‌ల గణేశుని గుడి కూడ ఉంది, అమ్మ వాళ్లు సంతోషపడ్తరు.

కొండగాలి

ఒక్క మాట చేరుస్తాను. డల్లస్ ఎత్తు 500 అడుగుల లోపు, శాంటా ఫే 7,000. మొదటి రాత్రి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మెట్లెక్కితే ఆయాసం మామూలే. అమరిల్లోలో (3,600) రెండు రాత్రుళ్లు ఉండి వెళ్తే ఒంటికి కొంత అలవాటవుతుంది, ఆ ఆగుడికి అది రెండో లాభం. శాంటా ఫేలో కూడా రెండు రాత్రుళ్లు పెట్టి, మధ్య రోజు ఊరికే ఉండండి. కొండలెక్కే కార్యక్రమాలు వద్దు. నాన్నగారు బీపీకి నీళ్లు పోయించే మాత్ర వాడుతుంటే ఆ పొడిగాలిలో ఒంట్లో నీరు తగ్గి లేచినప్పుడు కళ్లు తిరగొచ్చు, బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి ఉంచుకోండి. బీపీ మిషన్ వెంట ఉంచండి. ఆగే రోజు పొద్దున, సాయంత్రం చూసి కాగితం మీద రాయండి. రోడ్డు మీదున్న రోజు చూసే కొలత హడావిడిలో చూసింది, దాన్ని పట్టుకుని మాత్రలు మార్చకూడదు.

"రెండు రోజులకి ఒకటి" అన్న లెక్కతో మాత్రం నాకు పూర్తిగా పడదు. ఆరేళ్ల పిల్లకి ఎండలో ఆర్‌వీ పార్కులో రోజంతా కూర్చోవడం ప్రయాణం కంటే విసుగు. ఆగే రోజుకి ఈతకొలను ఉన్న పార్కు వెతకండి, కాస్త ఎక్కువైనా సరే. లేదంటే ఆ రోజు పిల్లలు మిమ్మల్ని కూర్చోనివ్వరు.

ఊరూరా_చక్రాలు

అందరికీ చాలా థాంక్సండీ. బీఎల్‌ఎం ఆలోచన మానుకున్నాం, శాంటా ఫేకి ఒక రాత్రి కలిపాం. ఇంకో రెండు సందేహాలు. ఆగే రోజున బండి పనులు ఏ వరసలో చేసుకోవాలి? ఆ రోజు మళ్లీ పనుల్లోనే గడిచిపోతుందని భయం. రెండోది, కోడీ నుంచి తిరుగు ప్రయాణానికి 4 రోజులు సరిపోతాయా?

నీళ్లు_నిప్పు_కరెంటు

పనులు ఆగే రోజులో పెట్టకండి, దాని రెండు చివర్లలో పెట్టండి. ప్రొపేన్, పెట్రోల్, సరుకులు మూడూ పార్కులోకి వెళ్లే దారిలోనే అయిపోవాలి. ప్రొపేన్ ట్యాంకు బండికే బిగించి ఉంటుంది, తీసి పట్టుకెళ్లేది కాదు. మర్చిపోతే ఆగిన మర్నాడు అన్నీ విప్పుకుని బండితోనే వెళ్లాలి. నింపేటప్పుడు స్టవ్, ఫ్రిజ్, హీటర్ ఆపి మనుషులందరూ దిగాలి. 80 శాతం దగ్గరే ఆపేస్తారు, అది మోసం కాదు, వేడికి గ్యాస్ వ్యాకోచించడానికి వదిలే చోటు.

సైటులోకి వెళ్లగానే మొదట మట్టం చూసుకోండి. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచే అమ్మోనియా రకమైతే బండి వాలి ఉన్నప్పుడు లోపలి ద్రవం సరిగా తిరగదు. నడుస్తుంటే కుదుపులకి సర్దుకుంటుంది, రెండు రాత్రుళ్లు వాలుగా నిలిపితే కూలింగ్ యూనిట్ దెబ్బతినొచ్చు. ఫ్రీజర్ అడుగున చిన్న బబుల్ లెవెల్ పెట్టి, పల్లంగా ఉన్న చక్రాల కింద దిమ్మలు వేయండి. తర్వాత కరెంటు: స్తంభం మీద బ్రేకర్ ఆపి, ప్లగ్గు పెట్టి, అప్పుడు బ్రేకర్ వేయాలి. తర్వాత నీళ్లు: ముందు కుళాయికి ప్రెషర్ రెగ్యులేటర్ (40 నుంచి 50 పీఎస్ఐ), ఆపైన తెల్లని తాగునీటి గొట్టం. రెగ్యులేటర్ లేకపోతే కొన్ని పార్కుల ఒత్తిడికి సింక్ కింద జాయింట్లు ఊడతాయి.

చాలామంది తప్పు చేసేది మురుగు గొట్టం దగ్గర. తగిలించగానే రెండు వాల్వులూ తెరిచి వదిలేస్తారు. గ్రే తెరిచి ఉంచినా నష్టం లేదు. బ్లాక్ మాత్రం మూసే ఉంచాలి. తెరిచి ఉంటే నీళ్లు వెళ్లిపోయి గట్టిది కమోడ్ గొట్టం కిందే కుప్పలా పేరుకుని ఎండిపోతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా కదలదు.

బయల్దేరే పొద్దున వరస ఇది. ముందురోజు రాత్రి నుంచే గ్రే వాల్వు మూసేయండి, కడగడానికి సబ్బునీళ్లు పోగవుతాయి. బ్లాక్ మూడింట రెండు వంతులైనా లేకపోతే కమోడ్‌లోంచి బకెట్లతో నీళ్లు పోయండి, ఒరవడి లేకపోతే గట్టిది కదలదు. చేతికి గ్లవ్స్ తొడుక్కుని గొట్టం రెండు చివరలూ బిగువుగా ఉన్నాయో లేదో చూసి, ముందు బ్లాక్ లాగండి. గొట్టానికి పారదర్శకమైన మూల మలుపు ఒకటి కొనుక్కోండి. మొదట ముదురు గోధుమ రంగులో ధారగా పోతుంది, సన్నబడుతుంది, ఒక్క క్షణం ఆగి మళ్లీ గుప్పున వస్తుంది. ఆ రెండో విడత రాకముందే మూసేసే వాళ్లు ఎక్కువ. అది అయ్యాక బ్లాక్ మూసి, గ్రే లాగితే సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. చివర్లో కమోడ్‌లో రెండు మూడు గ్యాలన్ల నీళ్లు, బ్లాక్ ట్యాంకుకి వాడే మందు పోసి వదలండి. మొత్తం 20 నిమిషాలు. గొట్టం కడిగే పైపుని తాగునీటి పైపుతో ఒకే అరలో పెట్టకండి.

ఆగే రోజున నిజంగా చేయాల్సింది రెండే. ఒకటి బట్టలు: పొద్దున 8 లోపే వెళ్తే మిషన్లు ఖాళీగా ఉంటాయి, బ్యాంకులో 10 డాలర్ల క్వార్టర్ల చుట్టలు రెండు ముందే తెచ్చుకోండి. రెండోది టైర్లు: ఎండ తగలకముందు, చల్లగా ఉండగా కొలవాలి. ఎండ పడ్డ వైపు టైరు ఎక్కువ చూపిస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ తగ్గితే 80 పీఎస్ఐ టైరులో ఒకటిన్నర నుంచి 2 పీఎస్ఐ తగ్గుతుంది. ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చూసి పెట్టండి, టైరు మీద రాసింది గరిష్ఠం. వెనక జంట టైర్లలో లోపలిది మర్చిపోకండి, బయటిది మోస్తూ ఉంటుంది కాబట్టి లోపలిది మెత్తబడినా బండి వాలదు.

మజిలీ_లెక్కలు

తిరుగు ప్రయాణానికి 4 రోజులు చాలవు. కోడీ నుంచి ర్యాపిడ్ సిటీ 400 మైళ్ల లోపు, అక్కణ్నుంచి నార్త్ ప్లాట్, సలైనా, ఓక్లహోమా సిటీ మీదుగా డల్లస్ ఇంకో 1,050. నాలుగు రోజుల్లో అంటే రోజుకి 360, ఒక్క ఆగుడూ లేకుండా. 20 రోజుల అలసట మీద అంత నడపడం వద్దు. పైగా కోడీకి తూర్పున బిగ్‌హార్న్ కొండలు దాటాలి. 14ఏ రోడ్డు ఎక్కకండి, అందులో 10 శాతం వాలు ఉంది. టెన్ స్లీప్ మీదుగా వెళ్లే 16వ నంబరు రోడ్డు ఆ కొండలు దాటే మూడు రోడ్లలోకీ (14, 14ఏ, 16) మెత్తనిది, దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి.

రెండు దారులున్నాయి. 26 రోజులు చేసుకుంటే కోడీలో రెండు రాత్రుళ్లు ఉండి, వయోమింగ్‌లోని బఫలోలో ఒక రాత్రి పడుకుని ర్యాపిడ్ సిటీ చేరొచ్చు. 24 మార్చలేకపోతే ర్యాపిడ్ సిటీ వదిలేసి క్యాస్పర్, డెన్వర్, అమరిల్లో మీదుగా రండి, 1,300 మైళ్ల దాకా వస్తుంది. అప్పుడు కూడా జాక్సన్‌లో ఒక రాత్రి తగ్గించి ఇటు కలపాలి. నన్నడిగితే ర్యాపిడ్ సిటీని ఇంకో ఏడాదికి ఉంచుకోండి.

ఏ దారైనా చివరి రాత్రి డల్లస్‌కి గంటన్నర, రెండు గంటల దూరంలో ఫుల్ హుకప్ సైటులో పడుకోండి. ఓక్లహోమా వైపు నుంచి వస్తే టెక్సోమా సరస్సు దగ్గర, అమరిల్లో వైపు నుంచైతే విచిటా ఫాల్స్ దాటి వచ్చాక చూడండి. సాధారణంగా బండి ఉదయం 11 లోపు తిరిగి ఇవ్వమంటారు. ట్యాంకులు ఖాళీ చేయకుండా, ఊడ్వకుండా, ప్రొపేన్ నింపకుండా ఇస్తే ఒక్కోదానికి విడివిడిగా ఛార్జీ వేస్తారు. ఆ సాయంత్రమే సామాన్లన్నీ పెట్టెల్లోకి ఎక్కించి, పొద్దున ట్యాంకులు ఖాళీ చేసి, దారిలో ప్రొపేన్, పెట్రోల్ పట్టించుకుని వెళ్తే 10:30కి తాళాలు ఇచ్చేయొచ్చు.